చెట్టు గీసేశారు సరే, ఏ కొమ్మని ఎంత నమ్మాలి?

డిఎన్‌ఏ అక్షరాల వరసలు, అంటే సీక్వెన్సులు ఇచ్చి ఎంటర్ కొడితే చాలు, ఇవాళ మామూలు ల్యాప్‌టాప్ కూడా ఏ జీవికి ఏది దగ్గర చుట్టమో చూపే పరిణామ వృక్షం గీసి చేతిలో పెడుతుంది. చిక్కేంటంటే, మీరు ఏం ఇచ్చినా పెడుతుంది. అక్షరాలన్నీ అడ్డదిడ్డంగా కలిపేసి ఇచ్చినా "ఇందులో చెప్పడానికేం లేదు" అనదు, నిక్షేపం లాంటి చెట్టొకటి బయటికొస్తుంది. కాబట్టి చెట్టు రావడంతో పని అయిపోయినట్టు కాదు. అందులో ఏ కొమ్మ డేటా బలంతో నిలబడింది, ఏది గాలివాటంగా వచ్చి కూర్చుంది అని కొలవడం అసలు పని. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీ మొదటి ఏడాదికో తొలిసారి చెట్టు గీస్తున్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, అందుకే ఫార్ములాలు తక్కువ, చేయాల్సిన పనులు ఎక్కువ.

ఉదాహరణకి మిస్టర్‌బేయస్ ప్రోగ్రామ్‌తో పాటే వచ్చే ప్రైమేట్స్ ఫైలు తీసుకోండి. మనిషి, చింపాంజీ, గొరిల్లా, ఒరంగుటాన్, గిబ్బన్, నాలుగు మకాక్ కోతులు, స్క్విరల్ మంకీ, టార్సియర్, లీమర్, మొత్తం 12 జాతులు, 898 కాలమ్‌ల మైటోకాండ్రియా డిఎన్‌ఏ (సీక్వెన్సుల్ని ఒకదాని కింద ఒకటి పేర్చితే ఒక్కో నిలువు వరస ఒక కాలమ్). చిన్న ఫైలే, నిమిషాల్లో పని తేలిపోతుంది, తప్పు చేసినా నష్టం లేదు. కానీ ఆ 12 జాతులకే వేరు చూపించని చెట్లు ఎన్ని సాధ్యమో తెలుసా? 65,47,29,075. మీ చేతికొచ్చింది అందులో ఒకటి. దాని పక్కనే దాదాపు అంతే బాగా డేటాకి సరిపోయే చెట్లు ఇంకెన్ని ఉన్నాయన్నదే మనం కొలవబోయే అనిశ్చితి.

అడుగు 1: ముందు ప్రశ్న రాసుకోండి, తర్వాత అలైన్‌మెంట్ చూడండి

మొత్తం చెట్టు "నమ్మదగినదేనా" అని అడిగితే జవాబు రాదు. ఏ కొమ్మ మీద మీ వాదన నిలబడుతుందో అది కాగితం మీద రాసుకోండి, ఉదాహరణకి "మనిషి, చింపాంజీ ఒక జట్టు, గొరిల్లా బయట" అని. చాలా ప్రాజెక్టుల్లో అలాంటి కొమ్మలు రెండో మూడో ఉంటాయి, మిగతావి ఎలా ఉన్నా పెద్ద నష్టం లేదు.

ఆ తర్వాత అలైన్‌మెంట్, అంటే సీక్వెన్సుల్లో సరిపోలే స్థానాలు ఒకే కాలమ్‌లో పడేలా సర్దడం. మనం కింద చేసే లెక్కలన్నీ అలైన్‌మెంట్ కరెక్టే అనుకుని మొదలవుతాయి, అది తప్పైతే అడుగు 3లో చూడబోయే ఏ బూట్‌స్ట్రాపూ మిమ్మల్ని కాపాడదు. మాఫ్ట్ ప్రోగ్రామ్‌తో ఒకసారి, మజిల్ ప్రోగ్రామ్‌తో ఒకసారి అలైన్ చేసి రెండింటి మీదా చెట్టు గీయండి. మీకు కావలసిన కొమ్మ ఒకదాంట్లో వచ్చి ఇంకోదాంట్లో మాయమైతే మీ అనిశ్చితి అక్కడే మొదలైందన్నమాట. అలైన్‌మెంట్‌ని ఒక్కసారి కళ్ళతో కూడా చూడండి. ఎవరో ఒకరి సీక్వెన్సు తలకిందులుగా ఎక్కి ఉంటుంది, చాలాసార్లు చెట్టులో వింతగా కనిపించే పొడుగు కొమ్మ అదే.

అడుగు 2: ఒక మంచి చెట్టు, ఒక సరైన మోడల్

చెట్లు గీసే ఐక్యూ-ట్రీ ప్రోగ్రామ్ వాడుతున్నారనుకుంటా (ఉచితం, విండోస్‌లో కూడా నడుస్తుంది). మోడల్ (అక్షరాలు ఎలా మారతాయన్న లెక్క) ఎంచుకునే పని దానిలోని మోడల్‌ఫైండర్‌కి వదిలేయండి. వెతుకులాట ఒక్కసారితో ఆపకండి, రన్స్ ఆప్షన్‌లో 10 ఇవ్వండి. పదిసార్లూ లైక్లీహుడ్ స్కోరు (చెట్టు డేటాకి ఎంత బాగా సరిపోయిందో చెప్పే అంకె) ఒక్కచోటికే వస్తే మంచిది, ఒక్కోసారి ఒక్కో స్కోరు వస్తుంటే వెతుకులాట మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోతోందని అర్థం. అది డేటాలోని అనిశ్చితి కాదు, కేవలం మన వెతుకులాట లోపం. రెండింటినీ కలిపి కొలిస్తే తర్వాత ఏది ఏదో తెలీదు.

ప్రోగ్రామ్ మొదలవగానే ఒక పట్టిక వస్తుంది, ఒక్కో సీక్వెన్సుకీ కంపోజిషన్ పరీక్షలో (దాని అక్షరాల పాళ్ళు మిగతావాటితో సరితూగుతున్నాయా అన్న పరీక్ష) పాసా ఫెయిలా అని. దాన్ని పట్టించుకోకుండా కిందకి స్క్రోల్ చేసేవాళ్ళే ఎక్కువ. ఫెయిల్ అని ఎవరి పేరు పక్కనుందో రాసుకోండి, అడుగు 7లో పనికొస్తుంది.

అడుగు 3: బూట్‌స్ట్రాప్ చేయండి, చేస్తూ అది ఏం చేస్తుందో తెలుసుకోండి

బ్రాడ్లీ ఎఫ్రాన్ 1979లో గణాంకశాస్త్రంలో ప్రవేశపెట్టిన ఉపాయాన్ని 1985లో జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ చెట్ల మీదకి తెచ్చాడు. పని చాలా తేలిక. 898 కాలమ్‌లకీ 898 చీటీలు రాసి డబ్బాలో వేశారనుకోండి. ఒకటి తీసి, నంబరు రాసుకుని, మళ్ళీ డబ్బాలోనే వేసి కలపాలి, అలా 898 సార్లు. కొన్ని కాలమ్‌లు రెండుమూడుసార్లు వస్తాయి, దాదాపు 37 శాతం, అంటే ఓ 330 కాలమ్‌లు అసలు రావు. ఈ కొత్త అలైన్‌మెంట్‌తో మొదట్నుంచీ మళ్ళీ చెట్టు గీయాలి. ఇలా 100 సార్లో 1000 సార్లో చేసి (ఒక్కోసారి ఒక రెప్లికేట్), మీ కొమ్మ ఎన్నిసార్లు తిరిగొచ్చిందో లెక్కపెడితే అదే కొమ్మ మీద కనిపించే అంకె.

ఇక్కడ కాసేపు ఆగి ఒక లెక్క చూడండి, ఇది తెలిస్తే సగం గందరగోళం పోతుంది. ఒక కొమ్మకి మద్దతుగా ఒకే ఒక్క కాలమ్ ఉంది, ఎదురు చెప్పే కాలమ్ ఒక్కటీ లేదు అనుకుందాం. బూట్‌స్ట్రాప్‌లో ఆ కాలమ్ కనీసం ఒకసారైనా వచ్చే అవకాశం 63 శాతం. అంటే ఎవరూ కాదనని సాక్ష్యం ఉన్నా ఆ కొమ్మకి వచ్చేది 63 దగ్గరే. అలాంటి కాలమ్‌లు రెండుంటే 86, మూడుంటే 95, నాలుగుంటే 98. "95 రావాలంటే ఎదురులేని కాలమ్‌లు మూడు కావాలి" అని గుర్తుపెట్టుకోండి.

కోవిడ్ రోజుల్లో ఈ సంగతి నిజంగానే తలనొప్పి అయింది. సార్స్-కోవ్-2 జీనోమ్ పొడవు దాదాపు 29,900 అక్షరాలు, కానీ రెండు నమూనాల మధ్య తేడా ఒక్కోసారి ఒకటో రెండో మార్పులే. 2020లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ బృందం భారతీయ నమూనాల్లో ఏ3ఐ అని ఒక ప్రత్యేక గుంపుని చూపించింది, దానికి గుర్తు నాలుగు ఉమ్మడి మార్పులు. పై లెక్క ప్రకారం, ఎదురు చెప్పేవేం లేకపోతే, అలాంటి గుంపుకి 98 దాకా రావాలి. అదే ఒక్క మార్పుతో విడిపోయిన చిన్న గుంపుకి 63 వస్తుంది. 63 చూసి "నమ్మదగ్గది కాదు" అనేస్తే తొందరపడినట్టే. అక్కడ సీక్వెన్సింగ్ సరిగ్గా జరిగిందా, ఆ మార్పు ఇంకెక్కడైనా విడిగా పుట్టిందా అన్నవే అసలు ప్రశ్నలు, వాటికి బూట్‌స్ట్రాప్ దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు టైప్ చేసే సంగతి. ఐక్యూ-ట్రీ 2లో హైఫన్ పక్కన చిన్న బి పెట్టి 100 ఇస్తే పాత, మామూలు బూట్‌స్ట్రాప్. పెద్ద బి పెట్టి 1000 ఇస్తే దాని వేగవంతమైన రూపం, అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్. ఒక్క అక్షరం తేడాతో రెండు వేర్వేరు కొలతలు వస్తాయి కాబట్టి చూసి కొట్టండి, ఏది కొట్టారో రాసిపెట్టుకోండి. అల్ట్రాఫాస్ట్‌కి 1000 కంటే తక్కువ ఇస్తే ప్రోగ్రామే ఒప్పుకోదు. మోడల్ డేటాకి సరిగ్గా కుదరలేదేమో అని అనుమానముంటే పక్కన బిఎన్‌ఎన్‌ఐ ఆప్షన్ కూడా పెట్టండి, లేకపోతే అల్ట్రాఫాస్ట్ అంకెలు కాస్త ఉదారంగా వస్తాయి. అదే రన్‌లో ఎఎల్‌ఆర్‌టీ (కొమ్మ బలాన్ని ఇంకో దారిలో కొలిచే పరీక్ష) 1000 కూడా అడగండి, పెద్ద ఖర్చేం కాదు. అప్పుడు కొమ్మ మీద 91.2/97 లాగా రెండు అంకెలు పడతాయి. మొదటిది ఎస్‌హెచ్-ఎఎల్‌ఆర్‌టీ, రెండోది అల్ట్రాఫాస్ట్.

100 రెప్లికేట్లు చాలా, 1000 కావాలా అని అందరూ అడిగేదే. మామూలు బైనామియల్ లెక్క చాలు. 70 అనే అంకె 100 రెప్లికేట్ల మీద వచ్చిందంటే దాని స్టాండర్డ్ ఎర్రర్ 4.6, అంటే అటూ ఇటూ 9 దాకా ఊగుతుంది. 61కీ 79కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 1000 మీద అయితే ఆ ఎర్రర్ 1.5 దాటదు. మీ ముఖ్యమైన కొమ్మ హద్దు దగ్గర ఊగుతుంటే రెప్లికేట్లు పెంచండి, 100కి 100 వచ్చిన కొమ్మకి పెంచి సాధించేదేం లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, రెప్లికేట్లు పెంచితే ఆ అంకె ఖచ్చితంగా తెలుస్తుందే తప్ప ఆ కొమ్మ బలం పెరగదు.

అడుగు 4: అంకెల్ని చదవడం

"70 దాటితే ఓకే" అనే మాట ప్రతి ల్యాబ్‌లోనూ వినపడుతుంది. అది 1993లో హిల్లిస్, బుల్ చేసిన పని నుంచి వచ్చింది. తమ పరీక్షల్లో 70, అంతకంటే ఎక్కువ వచ్చిన కొమ్మలు 95 శాతం పైన సరైనవే అయ్యాయన్నారు. కానీ దానికి షరతులున్నాయి. మార్పుల వేగం అన్ని కొమ్మల్లో ఇంచుమించు సమానంగా ఉండాలి, చెట్టు అటూ ఇటూ సరితూగాలి, మార్పులు మరీ ఎక్కువ కాకూడదు. షరతులు అందరూ మర్చిపోయారు, 70 ఒక్కటే మిగిలింది.

పాత బూట్‌స్ట్రాప్‌కి ఆ 70ని రఫ్ గీతలా వాడుకోండి, శాసనంలా కాదు. అల్ట్రాఫాస్ట్‌కి మాత్రం ఆ గీత అస్సలు పెట్టకండి, దాని లెక్క వేరు, అక్కడ 95 నుంచే నమ్మకం మొదలవుతుంది. ఎస్‌హెచ్-ఎఎల్‌ఆర్‌టీ 80, అల్ట్రాఫాస్ట్ 95, రెండూ దాటితే ఆ కొమ్మ గట్టిదని ఐక్యూ-ట్రీ రాసినవాళ్ళే చెబుతారు. అల్ట్రాఫాస్ట్ 78 వచ్చిన కొమ్మని "మంచి సపోర్ట్" అని రాసిన థీసిస్‌లు కనిపిస్తూనే ఉంటాయి, వైవాలో దొరికిపోయే చోటు అదే.

వందల, వేల సీక్వెన్సుల పెద్ద చెట్టయితే ఇంకో ఇబ్బంది. 500 మంది ఉన్న గుంపులో ఒక్క సీక్వెన్సు అటూ ఇటూ తిరుగుతున్నా పాత లెక్కలో ఆ కొమ్మ "రాలేదు" కిందే పోతుంది, మిగతా 499 మంది చెక్కుచెదరకుండా కలిసే ఉన్నా సరే. 2018లో లెమ్వాన్ బృందం ట్రాన్స్‌ఫర్ బూట్‌స్ట్రాప్ తెచ్చింది ఇందుకే. అది ఉందా లేదా అని కాక, ఎంతమందిని పక్కకి జరిపితే ఆ కొమ్మ వస్తుందో కొలుస్తుంది. ఐక్యూ-ట్రీలోనూ రాక్స్‌ఎమ్‌ఎల్-ఎన్‌జీలోనూ ఉంది. మన 12 జాతుల చెట్టుకి దీని అవసరం రాదు.

అడుగు 5: బేయీజియన్ లెక్కతో పోల్చి చూడండి

ఇదే ఫైల్ని మిస్టర్‌బేయస్‌లో నడపండి. ఇక్కడ కొమ్మ మీద వచ్చేది పోస్టీరియర్ ప్రాబబిలిటీ. మీ మోడలూ, మీరు ముందుగా పెట్టుకున్న అంచనాలు, అంటే ప్రయర్లూ నిజమైతే ఈ డేటా చూశాక ఈ కొమ్మ నిజమయ్యే అవకాశం ఎంత అని నేరుగా చెబుతుంది. బూట్‌స్ట్రాప్ చెప్పేది అది కాదు, ఇలాంటి డేటా మళ్ళీ మళ్ళీ తీస్తే ఈ కొమ్మ ఎంత తరచుగా వస్తుందని. రెండూ ఒకే అంకె కావాలని రూలేం లేదు, మామూలుగా పోస్టీరియర్లు పైనే ఉంటాయి. 0.95ని 95 బూట్‌స్ట్రాప్‌తో సమానం చేసి మాట్లాడకండి.

రన్ ఆగిపోయింది కదా అని ఫలితం తీసుకోవద్దు, ముందు ఇవి చూడండి. మిస్టర్‌బేయస్ మామూలుగానే రెండు విడి రన్‌లు నడుపుతుంది. రెండూ ఒకే చోటికి చేరాయా అన్నది స్ప్లిట్ ఫ్రీక్వెన్సీల (ఒక్కో కొమ్మ ఎంత తరచుగా వచ్చిందన్న లెక్కల) సగటు డీవియేషన్ చెబుతుంది, అది 0.01 కిందకి దిగాలి. తర్వాత ట్రేసర్ అనే ప్రోగ్రామ్‌లో ఫైలు తెరిచి ఈఎస్‌ఎస్ (ఒకదాని మీద ఒకటి ఆధారపడని నమూనాలు ఎన్ని ఉన్నట్టో చెప్పే అంకె) చూడండి, అన్ని పారామీటర్లకీ 200 దాటాలన్నది అందరూ పాటించే లెక్క. రెండు రన్‌ల అంకెలు కలుస్తున్నాయా అని చెప్పే పీఎస్‌ఆర్‌ఎఫ్ 1.0 దగ్గరుండాలి. మొదటి 25 శాతం నమూనాల్ని ప్రోగ్రామే పారేస్తుంది, గ్రాఫ్ ఇంకా పైకి ఎక్కుతూనే కనిపిస్తే అది చాలలేదన్నమాట, రన్ పొడిగించండి. ఈఎస్‌ఎస్ చూసేది కొమ్మల పొడవుల్లాంటి అంకెల్ని, చెట్ల ఆకారాన్ని కాదు. అంకెలన్నీ బాగున్నా రెండు రన్‌లు రెండు వేర్వేరు చెట్ల చుట్టూ తిరుగుతూ ఉండొచ్చు, అందుకే స్ప్లిట్ ఫ్రీక్వెన్సీల లెక్కని వదిలిపెట్టొద్దనేది.

పోస్టీరియర్ 1.00 చూసి మురిసిపోకండి. 2002లో సుజుకి, గ్లాజ్కో, నేయ్ చూపించిన సంగతి ఇది. నిజంగా ఏ ఒక్క కొమ్మకీ మొగ్గు లేని చోట, అంటే మూడు వేర్వేరు చెట్ల నుంచి పుట్టించిన సీక్వెన్సుల్ని సమానంగా అతికించిన డేటాలో కూడా, బేయీజియన్ లెక్క ఒక్కోసారి ఏదో ఒక కొమ్మని ఎత్తిపట్టి గట్టిగా నమ్మిస్తుంది. కొమ్మ పొడవు దాదాపు సున్నా ఉండి పోస్టీరియర్ మాత్రం 0.97 ఉంటే, బూట్‌స్ట్రాప్ 50 దగ్గరుంటే, అక్కడ నేనైతే బూట్‌స్ట్రాప్ మాటే వింటాను.

అడుగు 6: ప్రత్యర్థి చెట్టుని నేరుగా పోటీకి దించండి

మీ వాదన ఫలానా పాత అభిప్రాయానికి ఎదురుగా ఉంటే కొమ్మ మీద అంకె ఒక్కటే సరిపోదు. "మనిషి, గొరిల్లా జట్టు" అనే షరతుతో ఒక చెట్టు వెతికించండి (కన్‌స్ట్రెయింట్ ఆప్షన్ అందుకే ఉంది), "చింపాంజీ, గొరిల్లా జట్టు" అని ఇంకోటి. మీ చెట్టుతో కలిపి మూడూ ఒకే ఫైల్లో పెట్టి, చెట్లని పోల్చే ఏయూ టెస్ట్ అడగండి, రీశాంప్లింగులు 10,000 ఇవ్వండి. 2002లో షిమోదైరా ఇచ్చిన పరీక్ష ఇది. ఫలితాల పట్టికలో ఒక్కో చెట్టు పక్కనా ప్లస్ లేదా మైనస్ గుర్తులుంటాయి. మైనస్ ఉంటే ఆ చెట్టుని డేటా తోసిపుచ్చింది, ప్లస్ ఉంటే అది ఇంకా బరిలోనే ఉంది. ప్రత్యర్థి పక్కన ప్లస్ ఉంటే మీ బొమ్మలో మీ కొమ్మకి 80 ఉన్నా "పాత అభిప్రాయం తప్పని తేలింది" అని మాత్రం రాయలేరు.

అదే పట్టికలో కేహెచ్ అని కూడా ఒక కాలమ్ వస్తుంది. అది డేటా చూడకముందే ఎంచుకున్న చెట్లకి పనికొచ్చే పరీక్ష. ఇదే డేటా నుంచి తీసిన అత్యుత్తమ చెట్టుని అందులో పెడితే పందెం ముందే కుదుర్చుకున్నట్టు, ఫలితం మీవైపే మొగ్గుతుంది. దాన్ని చూడకుండా ఏయూ దగ్గరికి వెళ్ళిపోండి.

అడుగు 7: 100 వచ్చిన కొమ్మల్నే ఎక్కువ అనుమానించండి

ఇది చదివి మిగతావన్నీ మర్చిపోయినా పర్లేదు. పైన చెప్పిన అంకెలన్నీ కొలిచేది ఒక్కదాన్నే, డేటా తక్కువవడం వల్ల వచ్చే ఊగిసలాటని. డేటా పెరిగేకొద్దీ ఆ ఊగిసలాట ఎలాగూ తగ్గుతుంది. మోడల్ తప్పైతే, జీన్‌లు తమలో తాము పోట్లాడుకుంటుంటే, ఆ తప్పు డేటా పెరిగినంత మాత్రాన తగ్గదు.

చేత్తో ఒక రఫ్ లెక్క వేయండి. ఒక కొమ్మకి అనుకూలంగా 30 కాలమ్‌లు, ఎదురుగా 25. బూట్‌స్ట్రాప్‌లో అనుకూలం గెలిచేది 75 శాతం దగ్గర. ఇప్పుడు డేటా పదింతలు చేయండి, 300కి ఎదురు 250. సాక్ష్యాల్లో తగువు ఏమాత్రం తగ్గలేదు, అదే నిష్పత్తి, కానీ అంకె 98కి ఎక్కుతుంది. ఇంకో పదింతలు చేస్తే, 3000కి ఎదురు 2500, నిండుగా 100. చూసేవాడికి 100 కనిపిస్తుంది, కింద నూటికి 45 కాలమ్‌లు వద్దు మొర్రో అంటున్న సంగతి కనిపించదు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2013లో సాలికోస్, రోకాస్ 23 ఈస్ట్ జీనోమ్‌ల నుంచి 1070 జీన్‌లు తీసి, అన్నీ అతికించి చెట్టు గీస్తే ప్రతి కొమ్మకీ 100 వచ్చింది. అవే 1070 జీన్‌లకి విడివిడిగా చెట్లు గీస్తే అతికించిన చెట్టుతో అచ్చంగా సరిపోయింది ఒక్కటీ లేదు.

కాబట్టి మీ దగ్గర చాలా జీన్‌లుంటే కన్‌కార్డెన్స్ ఫ్యాక్టర్లు తప్పకుండా తీయండి, ఐక్యూ-ట్రీలోనే ఉన్నాయి. జీన్ కన్‌కార్డెన్స్ అంటే మీ కొమ్మని ఎంత శాతం జీన్ చెట్లు ఒప్పుకుంటున్నాయన్నది, సైట్ కన్‌కార్డెన్స్ అంటే ఎంత శాతం కాలమ్‌లు. మనిషి, చింపాంజీ కొమ్మే తీసుకోండి. మొత్తం జీనోమ్ మీద దానికి 100 బూట్‌స్ట్రాప్ రావడంలో ఆశ్చర్యం లేదు, అది సరైన కొమ్మ కూడా. కానీ 2012లో గొరిల్లా జీనోమ్ వచ్చినప్పుడు తేలిందేంటంటే, జీనోమ్‌లో దాదాపు 30 శాతం చోట్ల మనిషో చింపాంజీయో ఒకరికొకరి కంటే గొరిల్లాకే దగ్గర. పూర్వీకుల్లో ఉన్న రకరకాల జీన్ రూపాలు జాతులు విడిపోయేలోపు ఒక కొలిక్కి రాకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఇక్కడ బూట్‌స్ట్రాప్ 100, కన్‌కార్డెన్స్ 70 చుట్టుపక్కల, రెండూ నిజమే, రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. సైట్ కన్‌కార్డెన్స్ 33 దగ్గర కనిపిస్తే మాత్రం జాగ్రత్త, నాలుగు గుంపుల్ని జతకట్టడానికి మూడే దారులుంటాయి కాబట్టి 33 అంటే కాలమ్‌లు ఎటూ మొగ్గడం లేదని అర్థం. ఇంకో చిన్న పని: అతికించిన డేటా మీద బూట్‌స్ట్రాప్ చేసేటప్పుడు కాలమ్‌ల బదులు జీన్‌లనే చీటీలుగా తీయించే శాంప్లింగ్ ఆప్షన్ ఉంది, అది ఒకసారి పెట్టి చూడండి. ఒకే జీన్‌లోని కాలమ్‌లు ఒకదానికొకటి పూర్తిగా స్వతంత్రం కావు, కొన్ని 100లు కిందకి దిగొచ్చు.

రెండో అనుమానం పొడుగు కొమ్మల మీద. వేగంగా మారిన రెండు సీక్వెన్సులు నిజంగా చుట్టాలు కాకపోయినా, యాదృచ్ఛికంగా ఒకేలాంటి అక్షరాలు పోగేసుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇది జరుగుతుందని ఫెల్సెన్‌స్టైన్ 1978లోనే గణితంతో నిరూపించాడు, డేటా పెంచేకొద్దీ తప్పు చెట్టు మీదే నమ్మకం పెరుగుతుందని కూడా. మైక్రోస్పోరిడియా అనే పరాన్నజీవుల కథ ఇదే. 1987లో రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ చెట్టులో అవి కేంద్రకమున్న జీవులన్నిటికీ అడుగున, చాలా పురాతనమైనవిగా కనిపించాయి. 1990ల్లో వేరే జీన్‌లు చూస్తే అవి శిలీంధ్రాల చుట్టాలని తేలింది. పాత చోటుకి కారణం వాటి సీక్వెన్సు విపరీతమైన వేగంతో మారడమే.

పరీక్షించే పద్ధతి మొరటుదే కానీ పనిచేస్తుంది. అనుమానమున్న రెండు పొడుగు కొమ్మల్లో ఒకదాన్ని తీసేసి మళ్ళీ గీయండి. మిగిలినది ఎగిరి ఇంకో చోట కూర్చుంటే ముందున్న 100 ఉత్తదే. అడుగు 2లో కంపోజిషన్ ఫెయిలైనవాళ్ళని తీసేసి ఒకసారి, బయటి జాతిని మార్చి ఒకసారి, కోడాన్లలో (ప్రోటీన్ జీన్‌లోని మూడక్షరాల గుంపుల్లో) మూడో స్థానం తీసేసి ఒకసారి, మోడల్ మార్చి ఒకసారి గీయండి. ప్రతిసారీ మీ ముఖ్యమైన కొమ్మ ఉందా లేదా అని ఒక చిన్న పట్టికలో రాసుకోండి. అన్నిట్లోనూ 85 తెచ్చుకున్న కొమ్మని నేను నమ్ముతాను, ఒక్కదాంట్లో 100 తెచ్చుకుని మిగతావాటిలో కనపడకుండా పోయిన కొమ్మని నమ్మను.

బూట్‌స్ట్రాప్ అన్ని కొమ్మల మీదా తక్కువొస్తుంటే అప్పుడు అనుమానించాల్సింది దిక్కులేకుండా తిరిగే ఒకరిద్దరిని. సగం సీక్వెన్సు ఖాళీగా ఉన్న నమూనా ప్రతి రెప్లికేట్‌లో ఒక్కో కొమ్మ మీద వాలి అందరి అంకెలూ చెడగొడుతుంది. దాన్ని తీసేస్తే మిగతా చెట్టు నిలబడుతుంది. తీసేసిన సంగతి మాత్రం దాచకుండా రాయాలి.

అడుగు 8: బొమ్మలోకి, రాతలోకి ఎక్కించడం

50 కూడా రాని కొమ్మల్ని విడగొట్టి చూపించకండి, ఒకే చోట నుంచి విడిపోయినట్టు గీసేయండి, తెలియని చోట తెలియదన్నట్టు కనిపించడమే నిజాయితీ. అలాగని బలహీనంగా ఉన్న అంకెల్ని మాత్రం చెరిపేయొద్దు. 70 పైనున్నవి మాత్రమే చూపించి ఊరుకుంటే చదివేవాళ్ళకి అక్కడ 69 ఉందో 52 ఉందో తెలీదు.

బొమ్మ కింద ఏ అంకె ఏమిటో, ఎన్ని రెప్లికేట్లో, ఏ మోడలో రాయండి. "కొమ్మల మీద బూట్‌స్ట్రాప్ విలువలు" అని వదిలేస్తే పాతదా అల్ట్రాఫాస్టా తెలీదు, ఆ రెండిటికీ గీతలు వేరని పైన చూశాం కదా. "కొమ్మల మీద మొదటి అంకె ఎస్‌హెచ్-ఎఎల్‌ఆర్‌టీ, రెండోది అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్, రెండూ 1000 రెప్లికేట్లు, కొలబద్ద ఒక్కో సైట్‌కి మార్పుల సంఖ్య" అన్న ఒక్క వాక్యం చాలు.

చివరగా చూడాల్సింది వేరు మార్చడం. ఐక్యూ-ట్రీ ఇచ్చేది వేరులేని చెట్టు. మీరు ఫిగ్‌ట్రీలోనో ఇంకో వ్యూయర్‌లోనో లీమర్ని బయట పెట్టి వేరు మారుస్తారు. ఈ అంకెలు నిజానికి కొమ్మలవి, కానీ న్యూవిక్ ఫైల్లో (చెట్టుని బ్రాకెట్లతో రాసే ఫైలు) అవి ముడుల, అంటే కొమ్మలు చీలే చోట్ల పేర్లుగా రాసి ఉంటాయి. కొన్ని వ్యూయర్లు వేరు మార్చగానే కొన్ని అంకెల్ని పక్క కొమ్మ మీదకి జరిపేస్తాయి, పైకి ఏమీ తెలీదు, బొమ్మ శుభ్రంగానే ఉంటుంది. ఫిగ్‌ట్రీలో అంకెల్ని ముడి పేర్లుగా కాక కొమ్మ లేబుల్స్‌గా చూపించుకోండి. వేరు మార్చక ముందు ఒకటి, మార్చాక ఒకటి ప్రింట్ తీసి, కొత్త వేరుకీ పాత వేరుకీ మధ్య దారిలో ఉన్న కొమ్మల్ని ఒక్కొక్కటిగా సరిచూడండి. "మనిషి, చింపాంజీ ఒకవైపు, మిగతా పదీ ఇంకోవైపు" అని విడగొట్టే కొమ్మకి ముందు ఏ అంకె ఉందో తర్వాతా అదే ఉండాలి.

ట్రీ ఫైల్ ఒక్కటే దాచుకుని మిగతావి పారేయకండి. బూట్‌స్ట్రాప్ చెట్ల ఫైలు, అలైన్‌మెంట్, లాగ్ ఫైలు మూడూ ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. రన్‌కి వాడిన సీడ్ నంబర్ (యాదృచ్ఛిక ఎంపికలు మొదలయ్యే అంకె) లాగ్‌లోనే ఉంటుంది. ఆరు నెలల తర్వాత రివ్యూయర్ "ఈ 94 మళ్ళీ తెప్పించి చూపించండి" అని అడిగితే అదే సీడ్, అదే వెర్షన్ ఇచ్చి నడపాలి మరి.